కాగితం చూడకుండా పది నిమిషాల ఉపన్యాసం: చోట్లు, బొమ్మలు, ఫోను

సభలో తల వంచుకుని కాగితం చదివే వక్తకు ఎదుటివారి ముఖాలు కనిపించవు. ఎవరికి అర్థమైందో, ఎవరు విసుగుపడుతున్నారో, ఎక్కడ ఇంకో మాట చెబితే బాగుంటుందో తెలియదు. ఉపన్యాసాన్ని గుర్తుపెట్టుకోమనేది ఘనత చాటుకోవడానికి కాదు, ఎదుటివారిని చూస్తూ మాట్లాడగలగడానికి. కింది పద్ధతిని నాలుగైదు రోజులు శ్రద్ధగా పాటించండి. పది నిమిషాల ప్రసంగాన్ని కాగితమూ ఫోనూ లేకుండా వరస తప్పకుండా చెప్పగలుగుతారు.

పద్ధతి చాలా పాతది. గ్రీకులు, రోమన్లు వక్తృత్వాన్ని ఐదు భాగాలుగా నేర్పేవారు: విషయం వెతకడం, వరసగా అమర్చడం, మాటలు కూర్చడం, గుర్తుంచుకోవడం, సభలో పలకడం. గుర్తుంచుకోవడానికి సంబంధించి మనకు దక్కిన వివరమైన పాఠాల్లో అన్నిటికంటే పాతది క్రీ.పూ. 80ల ప్రాంతంలో హెరెన్నియస్ అనే వ్యక్తిని ఉద్దేశించి రాసిన లాటిన్ పుస్తకంలో ఉంది. రాసినవారి పేరు తెలియదు. చాలా శతాబ్దాలు అది ప్రసిద్ధ రోమన్ వక్త సిసిరో రచనే అనుకున్నారు. సారాంశం ఇది: బాగా తెలిసిన ఇంట్లో వరసగా కొన్ని చోట్లు ఎంచుకోవాలి, ఒక్కో చోట ఒక్కో విషయానికి గుర్తుగా ఒక బొమ్మను ఊహించి నిలపాలి, మాట్లాడేటప్పుడు మనసులో ఆ ఇంట్లో నడుస్తూ బొమ్మలను చూసుకుంటూ పోవాలి.

ఈ విద్యకు ఆద్యుడు గ్రీకు కవి సైమనైడిస్ అని సిసిరో చెప్పాడు. విందు జరుగుతున్న ఇంటి కప్పు కూలి అతిథులంతా ఆనవాలు పట్టలేనంతగా నలిగిపోతే, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుచేసుకుని ఆయన శవాలను బంధువులకు చూపించగలిగాడట. కథ నిజమైనా కాకపోయినా అందులోని పరిశీలన గట్టిది: మనకు పేర్ల జాబితా జారిపోయినంత తేలికగా చోట్లు జారిపోవు. 2017లో న్యూరాన్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ శిక్షణా లేని మామూలు మనుషులకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు ఈ పద్ధతి నేర్పారు. మొదట్లో 72 మాటల జాబితాలో సగటున 26 చెప్పగలిగినవారు చివరికి 62 చెప్పారు.

మొదట ఉపన్యాసాన్ని విడగొట్టండి

మొత్తం వ్యాసంగా రాసి బట్టీ పట్టడం మొదలుపెట్టకండి. చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. రోమన్ గురువులు విషయాలను గుర్తుంచుకోవడం వేరు, మాటలను గుర్తుంచుకోవడం వేరు అని స్పష్టంగా విడదీశారు. వక్తకు కావలసింది మొదటిది. మాటలు ఆ క్షణంలో పుట్టవచ్చు, పుట్టాలి కూడా. విషయం, వరస మాత్రం ముందే మనసులో ఉండాలి.

క్రీ.శ. 95 ప్రాంతంలో వక్తృత్వంపై పెద్ద గ్రంథం రాసిన రోమన్ గురువు క్వింటిలియన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. సరిగ్గా విభజించి, చక్కగా కూర్చిన ప్రసంగమే, సాధన తర్వాత, జ్ఞాపకానికి అన్నిటికంటే పెద్ద సాయం అన్నది ఆయన అభిప్రాయం. నేను దీన్ని పూర్తిగా నమ్ముతాను. దీని తర్వాత ఇది ఎందుకు వస్తోంది అన్నదానికి జవాబు ఉన్న ఉపన్యాసం సగం తనంతట తానే గుర్తుంటుంది. ఆ జవాబు మీ దగ్గర లేకపోతే ఏ కిటుకూ ఆదుకోదు. ఇంకొకరి చేతనో, ఏఐ చేతనో మొత్తం రాయించుకున్న ప్రసంగం పదిసార్లు చదివినా నోటికి రాకపోవడానికి కారణం కూడా అదే. ఆ వరస మీరు ఆలోచించి వేసింది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1908 మూసీ వరద గురించి మీరు పది నిమిషాలు మాట్లాడాలి. ఏడు విషయాలుగా విడగొట్టవచ్చు: సెప్టెంబరు 28న హైదరాబాదును వరద ముంచెత్తడం, సుమారు 15,000 మంది చనిపోయారన్న అంచనా, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకోవడం, ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలో పోగొట్టుకోవడం, 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి కావడం, చివరగా, ఆ రెండు జలాశయాలనూ ఇప్పుడు మనం ఎలా చూసుకోవాలి అన్నది. ఒక్కో విషయానికి నిమిషంన్నర కంటే తక్కువే వస్తుంది. పది నిమిషాలకు ఏడు చాలు. పన్నెండు పెట్టుకున్నారంటే అది జ్ఞాపకశక్తి సమస్య కాదు, ప్రసంగమే బరువెక్కింది. కొన్ని తీసేయండి.

ఇంట్లో దారి వేసుకోండి

ఇప్పుడు మీ ఇంటిని మనసులో తిరగండి. వీలైతే నిజంగానే లేచి నడవండి. వీధి గేటు, చెప్పులు విడిచే చోటు, సోఫా, టీవీ, భోజనాల బల్ల, వంటగదిలో సింకు, పెరటి తలుపు. ఏడు చోట్లు వచ్చాయి. గేటు దగ్గర మొదలై పెరట్లో ముగిసే దారి ఇది. దారి వేసుకునేటప్పుడు ఒకే దిక్కుగా నడవండి, వెనక్కి తిరిగి అదే గదిలోకి రావద్దు.

చోట్లు ఎంచుకోవడం గురించి హెరెన్నియస్ పుస్తకం ఇచ్చిన సూచనలు ఇప్పటికీ అలాగే పనికొస్తాయి. ఒకదానికొకటి పోలిన చోట్లు వద్దంటుంది. వరసగా ఒకే రకం స్తంభాలుంటే ఏ బొమ్మ ఏ స్తంభం దగ్గర పెట్టామో తికమక అవుతుంది. మన అపార్టుమెంట్ల వరండాలో ఒకే రంగు తలుపుల వరసదీ ఇదే ఇబ్బంది, దాన్ని వాడకండి. జనం కిక్కిరిసే చోటు కంటే ఖాళీగా ఉండే చోటు మంచిది. మరీ చీకటిగా ఉంటే బొమ్మ కనిపించదు, మరీ వెలుగుగా ఉంటే కళ్లు చెదురుతాయి. చోట్ల మధ్య ముప్పై అడుగుల దాకా ఎడం ఉండాలని కూడా ఆ పుస్తకం చెప్పింది. మన ఇళ్లలో అంత ఎడం దొరకదు, రెండు చోట్లు ఒకే చూపులో పడకుండా ఉంటే చాలు. సోఫా, టీవీ ఎదురెదురుగా ఉంటే ఇబ్బంది లేదు. టీవీ, దాని కిందున్న అర రెండూ వేర్వేరు చోట్లుగా పెట్టుకుంటే కలిసిపోతాయి.

పెద్ద ప్రసంగాలకు ఇంకో మంచి సూచన ఉంది. ప్రతి ఐదో చోటుకూ ఒక గుర్తు పెట్టమన్నాడు హెరెన్నియస్ పుస్తకం రాసిన గురువు. ఐదో చోట బంగారు చేయి, పదో చోట డెసిమస్ అనే పరిచయస్తుడు. ఐదు వేళ్లు ఐదుకు, లాటిన్‌లో పదోవాడు అనే అర్థమున్న డెసిమస్ పేరు పదికి. మీరు ఇరవై చోట్ల దారి వేసుకుంటే ఇది తప్పక చేయండి. దారి మధ్యలో ఒక చోటు జారిపోతే వెంటనే తెలిసిపోతుంది.

బొమ్మలు నిలపండి

మామూలు బొమ్మ నిలవదు. రోజూ చూసే సూర్యోదయం ఎవరికీ గుర్తుండదు, గ్రహణం గుర్తుంటుంది అని అదే పుస్తకం వివరించింది. అందుకని బొమ్మ కదలాలి, విపరీతంగా ఉండాలి. మరీ అందంగానో, మరీ వికారంగానో, నెత్తుటి మరకలతోనో, నవ్వు తెప్పించేలాగానో ఉండాలి. వారసత్వం కోసం విషం పెట్టాడన్న కేసును గుర్తుంచుకోవడానికి అది ఇచ్చిన ఉదాహరణ చూడండి: మంచంమీద రోగి, పక్కనే ముద్దాయి, అతని కుడిచేతిలో గిన్నె, ఎడమచేతిలో వీలునామాను తలపించే పలకలు. మొత్తం అభియోగం ఒక్క దృశ్యంలోకి వచ్చేసింది.

మన వరద ప్రసంగానికి ఇలా చేయవచ్చు. గేటు ఊచల సందుల్లోంచి ఎర్రటి బురదనీరు మీ మీదికి ఎగజిమ్ముతోంది. చెప్పులు విడిచే చోట, తడిసి ముద్దయిన చెప్పులు కప్పును తాకేంత గుట్టగా పడి ఉన్నాయి, వేలాది జతలు, వేసుకునేవారు ఎవరూ లేరు. సోఫాను చీల్చుకుని చింతచెట్టు మొలిచింది, ప్రతి కొమ్మకూ మనుషులు వేలాడుతున్నారు, కొమ్మలు కిర్రుమంటున్నాయి. టీవీలో ఒక కవి పద్యం చదవబోతున్నాడు, ఆయన ముందు మూడు ఖాళీ కుర్చీలు, ఆయనకు గొంతు పెగలడం లేదు. భోజనాల బల్లమీద తలపాగా పెట్టుకున్న విశ్వేశ్వరయ్య కంచాలన్నీ పక్కకు నెట్టేసి నది పటం పరుస్తున్నారు. సింకులో పక్కపక్కనే రెండు ఆనకట్టలు లేచాయి. పెరటి తలుపు తెరిస్తే ఎదురుగా మీ శ్రోతలే నిలబడి ఉన్నారు, చేతుల్లో ఖాళీ బిందెలతో.

ఈ బొమ్మలను అరువు తీసుకోకండి. నా చింతచెట్టు మీకు అంతగా పనిచేయదు. మీకు భయమో నవ్వో జాలో కలిగించేది మీరే ఊహించుకోవాలని ఆ గురువు కూడా పట్టుబట్టాడు. శిష్యులకు వందల బొమ్మలు తయారుచేసి ఇచ్చే పంతుళ్లను ఆయన తప్పుపట్టాడు. ఒక్కో బొమ్మ దగ్గర కళ్లు మూసుకుని కాసేపు నిలవండి. నీటి చప్పుడు వినండి, తడి తోలు వాసన పీల్చండి. తొందరపడితే బొమ్మ పలచగా పడుతుంది.

అంకెలకు కటపయాది

వక్తలు ఎక్కువగా తడబడేది సంవత్సరాలు, లెక్కల దగ్గర. దీనికి రోమన్లకంటే మన దగ్గరే మంచి సాధనం ఉంది. కటపయాది పద్ధతిలో ప్రతి హల్లుకూ ఒక అంకె. క నుంచి ఝ వరకు వరసగా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప, ఫ, బ, భ, మ 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ 1 నుంచి 8. గుణింతాలు, అక్షరం పక్కన వచ్చే సున్నాలు (ం) లెక్కలోకి రావు. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్తల, అంటే మూల రాగాల, పేర్లు ఇలాగే పెట్టారు, మొదటి రెండు అక్షరాలు వాటి వరస సంఖ్యను చెబుతాయి. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిప్పి చదివితే 29. అది 29వ మేళం. మేచకల్యాణిలో మ ఐదు, చ ఆరు, అంటే 65.

ఇప్పుడు మన ప్రసంగానికి వాడదాం. వరద వచ్చిన తేదీ 28. దానికి "దారి" సరిపోతుంది: ద ఎనిమిది, ర రెండు, తిప్పితే 28. 1908లోని 08కి "జనం": జ ఎనిమిది, న సున్న. కాబట్టి గేటు దగ్గరి బొమ్మను కొంచెం మార్చండి, బురదనీటికి దారి ఇస్తూ జనం రెండుగా చీలిపోతున్నారు. 1920కి "నారు": న సున్న, ర రెండు. 1927కి "సిరి": స ఏడు, ర రెండు. సింకులో మొదటి ఆనకట్ట వెనక పచ్చని వరినారు, రెండో ఆనకట్ట వెనక నాణేల గలగల. ఉస్మాన్ సాగర్ ముందు, హిమాయత్ సాగర్ తర్వాత అన్న వరస కూడా దానితోనే వచ్చేసింది. శతాబ్దం మీకెలాగూ తెలుసు, దానికి బొమ్మ అక్కర్లేదు. మొదట్లో ఒత్తులు లేని చిన్న మాటలే ఎంచుకోండి. వారం రోజుల్లో మీకు బస్సు నంబర్లు కూడా మాటల్లా వినిపించడం మొదలవుతుంది.

ఉన్నదున్నట్టు చెప్పాల్సిన చోట

ప్రసంగంలో ఒక పద్యమో, ఒకరి మాటలో యథాతథంగా చెప్పాల్సి రావచ్చు. అక్కడ బొమ్మలు సరిపోవు. ఒక్కో మాటకూ ఒక్కో బొమ్మ పెట్టుకోవాలంటే ప్రసంగం నడవదని క్వింటిలియన్ కూడా పెదవి విరిచాడు. ఇక్కడ చెవిని నమ్ముకోండి.

అవధాని చేసేది గమనించండి. అష్టావధానంలో నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పడం), దత్తపది (ఇచ్చిన పదాలతో చెప్పడం), సమస్య, వర్ణన వంటి అంశాలకు ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకుంటూ, గంట మోతలు లెక్కపెడుతూ, చివర ధారణలో పద్యాలన్నీ పూర్తిగా అప్పగిస్తాడు. పద్యపు కట్టు అక్కడ పెద్ద ఆసరా. వృత్తంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ప్రాస. ఉత్పలమాలలో పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి. ఒక మాట జారినా, అక్కడ ఏ శబ్దం ఉండాలో ఛందస్సు చెబుతూనే ఉంటుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా శతావధానాలు చేసి జనాన్ని కట్టిపడేసిన కాలం నుంచి ఇప్పటి దాకా, ధారణ ఘట్టం వచ్చేసరికి సభ ఊపిరి బిగబట్టే వింటుంది. కాబట్టి మీరు పద్యం నేర్చుకునేటప్పుడు మొదట యతిప్రాసలు గుర్తించి, వాటిని ఒత్తి పలుకుతూ చదవండి.

వచనానికి ఆ ఆసరా లేదు. దానికి వేదపాఠకుల క్రమపాఠం నుంచి ఒక మెలకువ తీసుకోండి. ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ నాలుగూ అంటూ పదాలను జంటలుగా వల్లె వేస్తారు. మీరు పదాలకు బదులు వాక్యాలతో చేయండి: మొదటి వాక్యం చివరి మాట, రెండో వాక్యం మొదటి మాట కలిపి నాలుగైదుసార్లు పలకండి. మనం ఆగిపోయేది చాలావరకు వాక్యం మధ్యలో కాదు, రెండు వాక్యాల అతుకు దగ్గర.

ఫోనును ఏ పనికి వాడాలి

2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగాల్లో, తాము టైపు చేసిన సంగతులు కంప్యూటర్‌లో భద్రంగా ఉంటాయని నమ్మినవారికి అవి తక్కువగా గుర్తున్నాయి, చెరిగిపోతాయని అనుకున్నవారికి ఎక్కువ గుర్తున్నాయి. ఇంకో ప్రయోగంలో, సంగతి కంటే అది ఏ ఫోల్డరులో దాచారో బాగా గుర్తుపెట్టుకున్నారు. నాకు ఇందులో నిరాశ కనిపించదు. మనసు ఇప్పటికీ చోట్లనే పట్టుకుంటోంది. కాకపోతే ఆ చోటులో ఉండాల్సిన విషయాన్ని మనం ఫోనుకు అప్పగించేశాం.

అందుకని ప్రసంగ పాఠాన్ని ఫోనులో దాచి, అక్కడ ఉందిలే అనుకోవద్దు. ఫోనులో చదివి నేర్చుకోవద్దు కూడా. ఏ మైనపు పలకల మీద రాశామో వాటినే చూస్తూ నేర్చుకోమన్నాడు క్వింటిలియన్, ఎందుకంటే ఆ మాట పలకమీద ఏ మూల ఉందో కంటికి గుర్తుంటుంది. తెరమీద వేలితో జరిపే పాఠానికి మూల లేదు. అక్షరాల సైజు మార్చగానే వరసలన్నీ జరిగిపోతాయి. ఒక తెల్ల కాగితంమీద చేత్తో ఏడు విషయాలూ రాయండి, కష్టమైన చోట పక్కన చిన్న గుర్తు గీయండి. నౌకల సంగతికి లంగరు, యుద్ధం సంగతికి ఈటె గీసుకోమన్నాడాయన. ఆ కాగితాన్నే చూడండి, మళ్లీ సాపు రాయకండి.

ఫోను బాగా పనికొచ్చేది పరీక్ష పెట్టడానికి. రికార్డింగ్ నొక్కి, కాగితం బోర్లించి, ప్రసంగం మొత్తం చెప్పండి. తర్వాత కాగితం ముందు పెట్టుకుని వినండి. ఏది వదిలేశారో, ఎక్కడ నీళ్లు నమిలారో ఎవరూ చెప్పక్కర్లేకుండా వినిపిస్తుంది. మళ్లీ మళ్లీ చదవడం కంటే, చూడకుండా చెప్పడానికి ప్రయత్నించడమే ఎక్కువ రోజులు నిలుపుతుందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాలు చూపించాయి. లెక్కలు, పేర్లు, తేదీలు ఎక్కువగా ఉంటే ఆంకీ వంటి కార్డుల యాప్ వాడండి. మీరు తేలికగా చెప్పినదాన్ని ఆలస్యంగా, తడబడినదాన్ని త్వరగా అది మళ్లీ ముందుకు తెస్తుంది.

రాత్రి, పొద్దున

బొమ్మలు నిలిపే పని సాయంత్రం చేయండి. పడుకోబోయే ముందు ఒకసారి గేటు నుంచి పెరటి దాకా నడిచి నిద్రపోండి. ఒక రాత్రి గడిస్తే జ్ఞాపకం ఆశ్చర్యంగా గట్టిపడుతుందని క్వింటిలియన్ గమనించి రాశాడు, నిద్రమీద పరిశోధనలు లేని కాలంలో. పొద్దున లేచాక కాగితం చూడకుండా మళ్లీ నడవండి. రెండో రోజు పెరటి తలుపు నుంచి గేటు దాకా వెనక్కి నడవండి. చోట్లు గట్టిగా కుదిరితే ఎక్కడ మొదలుపెట్టినా, ఎటు నడిచినా విషయం దొరకాలి. సోఫా దగ్గర మొదలుపెట్టమంటే చింతచెట్టు వెంటనే కనిపించాలి. కనిపించని చోట తప్పు మీది కాదు, బొమ్మది. దాన్ని తీసేసి ఇంకాస్త విపరీతమైనది పెట్టండి.

మూడో రోజు నుంచి నిలబడి, గొంతెత్తి, గడియారం పెట్టుకుని చెప్పండి. ప్రతిసారీ మాటలు మారుతుంటే కంగారుపడకండి. మారాలి.

సభలో

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం మాటమాటా నోటికి వచ్చి ఉండాలి. గుండె దడ ఎక్కువగా ఉండేది మొదట్లో, ఎలా ముగించాలో తెలియక సాగదీసేది చివర్లో. మధ్యలో ఏదైనా చోటు ఖాళీగా కనిపిస్తే అక్కడ నిలబడి వెతకకండి. తర్వాతి చోటుకు నడవండి. మీ వరస మీకు తప్ప ఎవరికీ తెలియదు. జారిపోయిన బొమ్మ రెండు చోట్లు దాటాక తనే గుర్తొస్తే, అప్పుడు చెప్పేయండి. క్షమాపణలు అక్కర్లేదు. ఆన్‌లైన్ సమావేశమైతే తెర అంచున పాఠం అంటించుకోవాలన్న ఆశ పుడుతుంది. మీ కళ్లు వరస వెంట అటూఇటూ కదలడం అవతలివారికి స్పష్టంగా కనిపిస్తుంది, పెట్టుకోకండి. ప్రొజెక్టర్ ఉంటే పటాలు, ఫోటోలు చూపించండి, మీ ఏడు విషయాల జాబితాను మాత్రం దానిమీద వేయకండి. వేస్తే జనం మీకంటే ముందే చదివేసి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

తర్వాతి ఉపన్యాసానికి

చోట్లు మైనపు పలకల్లాంటివి, బొమ్మలు వాటిమీది అక్షరాల్లాంటివి అన్నారు రోమన్లు. వాడకపోతే అక్షరాలు వాటంతటవే చెరిగిపోతాయి, పలక మిగులుతుంది. కానీ వెంటనే చెరిగిపోవు. వచ్చే వారమే ఇంకో ప్రసంగం ఉంటే మీ ఇంటి దారిని మళ్లీ వాడకండి, సోఫాలో చింతచెట్టు ఇంకా ఉంటుంది. మీరు చదువుకున్న బడి, అమ్మమ్మగారి ఇల్లు, ఆఫీసుకు నడిచే వీధి, ఇలా మూడు నాలుగు దారులు ముందే సిద్ధం చేసి ఒక పుస్తకంలో చోట్ల పేర్లు వరసగా రాసి పెట్టుకోండి. ఒక్కో ప్రసంగానికి ఒక్కో దారి మార్చి మార్చి వాడండి. పాత దారికి తిరిగి వెళ్లేముందు అందులో ఒకసారి ఊరికే నడిచి, ప్రతి చోటూ ఖాళీగా ఉందని చూసుకోండి. ఎక్కడైనా పాత బొమ్మ మొండికేసి కూర్చుని ఉంటే ఆ చోటును వదిలేసి, దాని పక్కన కొత్త చోటు ఒకటి ఎంచుకోండి.